ఈత, సైకిలు, పరుగు: గ్రామములలో ట్రయథ్లాను ప్రారంభించు విధము

ఈదుట, సైకిలు త్రొక్కుట, పరుగెత్తుట - ఈ మూడును మన గ్రామములకు క్రొత్తవి కావు. చెరువున్న ఊరిలో ఈత వచ్చిన పిల్లలు కొందరైనను ఉందురు. సైకిలు లేని వీధి అరుదు. పోలీసు, సైనిక ఉద్యోగముల దేహదారుఢ్య పరీక్షలకై తెల్లవారుజామున రోడ్డు వెంట పరుగెత్తు యువతీయువకులను ఎందరినో చూచుచున్నాము. ఈ మూడింటిని ఒకదాని వెంట ఒకటిగా, నడుమ విరామము లేకుండ, ఒకే గడియారముపై పూర్తిచేయు పోటీకి ట్రయథ్లాను అని పేరు. గ్రీకు భాషలో మూడు, పోటీ అను అర్థములు గల రెండు మాటల కలయిక ఇది. నోరు తిరుగనివారు మూడు పందెముల పోటీ యని పిలుచుకొన్నను నష్టము లేదు.

నగరములో ఉద్యోగము చేయుచు ఇట్టి పోటీలో పాల్గొన్న యువకుడొకడు పండుగకు ఊరికి వచ్చి, "మన చెరువులోనే ఒకటి జరుపుదము, పంచాయతీ సాయపడునా?" అని సభ్యులను అడిగినచో ఏమి సమాధానము చెప్పవలెను? తప్పక జరుపవచ్చుననియే మా అభిప్రాయము. కాని ప్రారంభింపవలసినది పందెముతో కాదు, ఈత నేర్పుటతో. ఇట్లనుటకు కారణములను, చేయవలసిన పనులను ఈ వ్యాసమున వివరింప దలచితిమి.

పోటీ పుట్టిన విధము

ట్రయథ్లాను పెద్ద క్రీడాంగణములలో పుట్టినది కాదు. 1974 సెప్టెంబరు 25వ తేదీ సాయంకాలము అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, శాండియాగో నగరమందలి మిషన్ బే అను ఉప్పునీటి పాయ ఒడ్డున, స్థానిక పరుగు సంఘమువారు దీనిని మొదట జరిపిరి. జాక్ జాన్‌స్టన్, డాన్ షానహన్ అను ఇరువురు సభ్యులు దీనికి పూనుకొన్నవారు. పాల్గొన్నవారు 46 మంది. పోటీ ముగియునప్పటికి చీకటి పడగా, మోటారుకార్ల దీపములు వెలిగించి చివరివారికి దారి చూపిరట. అనగా ఒక ఊరి సంఘము తనకున్న నీటితో, తనకున్న దారులతో చేసికొన్న వేడుకగానే ఇది మొదలైనది. మన పంచాయతీలు గమనింపదగిన విషయమిది.

ఆనాడు పాల్గొన్నవారిలో జాన్ కాలిన్స్, జూడీ కాలిన్స్ అను దంపతులుండిరి. నౌకాదళ ఉద్యోగియైన జాన్ తరువాత హవాయి ద్వీపములకు వెళ్లగా, ఆ దంపతుల ఆలోచనతో 1978 ఫిబ్రవరి 18న ఓవాహు ద్వీపమున అతి దీర్ఘమైన పోటీ ఒకటి జరిగినది. సుమారు 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, 42 కిలోమీటర్లకు పైగా పరుగు. బయలుదేరినవారు 15 మంది. ముగించినవారు 12 మంది. ఐరన్‌మ్యాన్, అనగా ఉక్కుమనిషి, అను పేరుతో లోకప్రసిద్ధమైనది ఇదియే. ట్రయథ్లాను అనగానే ఇదియేనని పలువురు భ్రమపడి భయపడుచున్నారు. అది ఈ క్రీడకు చిట్టచివరి మెట్టు మాత్రమే.

2000 సంవత్సరమున సిడ్నీ నగరములో జరిగిన ఒలింపిక్ క్రీడలలో ఈ పోటీకి తొలిసారి స్థానము లభించినది. అందలి దూరములు 1.5 కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిలు, 10 కిలోమీటర్ల పరుగు. దీనిలో సగము, అనగా 750 మీటర్లు, 20 కిలోమీటర్లు, 5 కిలోమీటర్లు గలదానిని స్ప్రింటు అందురు. అంతకన్న చిన్నవియు ఉన్నవి. మన దేశమున గోవాలో 2019 అక్టోబరులో ఐరన్‌మ్యాన్ దూరములో సగము గల పోటీ మొదలైనది. ప్రారంభదశలో ఉన్న గ్రామమునకు ఈ లెక్కలేవియు అక్కరలేదు. 100 మీటర్ల ఈత, 5 కిలోమీటర్ల సైకిలు, 1 కిలోమీటరు పరుగు చాలును. ఇది ఏ సంఘము నిర్ణయించిన కొలతయు కాదు. మా సూచన మాత్రమే.

ప్రమాదమంతయు నీటియందే

పరుగులో అలసినవాడు నిలిచిపోవును. సైకిలుపై అలసినవాడు కాలు నేలపై మోపును. నీటిలో అలసినవానికి మోపుటకు నేల లేదు. ఈ తేడాను గ్రహించినవారికే ట్రయథ్లాను నిర్వహించు అర్హత కలదు. అమెరికాలో 1985 నుండి 2016 వరకు జరిగిన ట్రయథ్లానులలో ఆకస్మిక మరణములను, గుండె ఆగిన సంఘటనలను వైద్యపరిశోధకులు పరిశీలింపగా మొత్తము 135 తేలినవి. వానిలో 90 ఈత భాగమునందే సంభవించినవి. పాల్గొన్న లక్షలాది మందితో పోల్చిచూచినచో ఈ సంఖ్య స్వల్పమే. కాని ఆ స్వల్పములో మూడింట రెండు వంతులు నీటిలోనే జరిగినవని మరువరాదు. వేగమునకై ఆత్రపడుట, గుంపులో కాళ్లు చేతులు తగులుట, కంగారుతో ఊపిరి తప్పుట, దాగియున్న గుండెజబ్బు - ఇవన్నియు నీటిలో ప్రాణాంతకములగును. 40 సంవత్సరములు దాటినవారును, రక్తపోటు, ఛాతీనొప్పి, మూర్ఛ వంటివి ఉన్నవారును ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునికి చూపించుకొనక నీటిలో దిగరాదు.

పందెమును ప్రక్కన పెట్టినను నీటి విషయము పంచాయతీకి తప్పనిదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 2021లో ప్రపంచమున సుమారు 3 లక్షల మంది నీట మునిగి మరణించిరి. వారిలో దాదాపు నాలుగవ వంతు ఐదేండ్లలోపు పసివారు. వేసవి సెలవులలో చెరువులో, బావిలో, క్వారీ గుంతలో పిల్లలు మునిగిపోయిన వార్త లేని సంవత్సరము మనకును లేదు. ఈత రానివాడు మునుగుట ఒక విధము. ఈత వచ్చునని తలచినవాడు, మునుగుచున్నవానిని రక్షింపబోయి తానును మునుగుట మరియొక విధము. "మావాడు చేపపిల్లవలె ఈదును" అని తండ్రి చెప్పు మాటను పోటీకి అర్హతగా తీసికొనరాదు.

నీటి స్థలమును ఎన్నుకొనుట

సభ్యులు స్వయముగా నడచి చూడవలసిన పని ఇది. కాగితముపై తేలునది కాదు. చెరువు కట్టవైపు నీరు లోతుగా ఉండును. రాతి కట్టుపై నాచు పట్టి కాలు జారును. తూము తెరచియున్నచో దాని సమీపమున నీరు లోనికి లాగును. అలుగు పారుచున్నపుడు ఆ దరికే పోరాదు. కావున కట్టకు ఎదురుగా, పల్లముగా మొదలై క్రమముగా లోతగు వైపు చూడవలెను. అక్కడ కూడ ఒక చిక్కు కలదు. పొలములకు పూడికమట్టిని, ఇండ్లకును ఇటుకబట్టీలకును మన్నును త్రవ్వి తీసికొన్న గోతులు నీరు నిండిన తరువాత కంటికి కానరావు. మోకాలిలోతు నీటిలో నడచుచున్న బాలుడు మరుసటి అడుగులో నిలువెత్తు గోతిలో పడును. పూడికతీత జరిగిన చెరువులలో దీనిని ప్రత్యేకముగా గమనింపవలెను. వేసవిలో నీరు తగ్గినపుడే గోతులను గుర్తించి పూడ్పించుటయో, కర్రలు పాతి ఎఱ్ఱగుడ్డ కట్టించుటయో చేయుట ఉత్తమము. ఈ ఒక్క పని చేసినను, పందెము జరిగినను జరుగకున్నను ఊరికి మేలే.

కాలువలు పనికిరావు. పైకి నిదానముగా తోచు నీటికి లోపల వడి ఉండును. సిమెంటు గోడలు గల కాలువలో పడినవానికి పట్టుకొని పైకి వచ్చుటకు ఆధారముండదు. క్వారీ గుంతలు అంతకన్న చెడ్డవి. దిగుడుబావిలో ఈత నేర్చినవారు మన పెద్దలలో ఎందరో కలరు. నడుమునకు ఎండిన సొరబుర్రలో, బెండ్లో కట్టుకొని నేర్చిన ఆ పద్ధతి నేటికిని మంచిదే. కాని మెట్లు సరిగా లేని బావిలో పదిమందిని ఒక్కసారి దింపుట తగదు.

త్రాగునీటి చెరువును వాడరాదు. మురుగు కలియునది, పచ్చని నాచు తెట్టెగా కట్టినది, పురుగుమందుల నీరు చేరునది విడువవలెను. గట్టివాన కురిసిన వెంటనే ఊరి మురుగంతయు చెరువు చేరును గనుక కొన్ని దినములు ఆగవలెను. ఒంటిపై పుండున్నవారు దిగరాదు. ఎలుకల మూత్రము కలిసిన నీటివలన వచ్చు జ్వరము పుండు ద్వారా శరీరమున ప్రవేశించును. నీటిపారుదల శాఖవారి అనుమతియు, చేపలహక్కు గల మత్స్యకార సంఘమువారి సమ్మతియు ముందుగా పొందవలెను. ఆ మత్స్యకారులే మనకు గొప్ప ఆస్తి. చెరువు అడుగును వారెరిగినంతగా మరెవ్వరును ఎరుగరు. వారి తెప్పలే మన రక్షణ నౌకలు.

ఈత నేర్పు పద్ధతి

పొరుగుదేశమైన బంగ్లాదేశ్ పల్లెలలో గత రెండు దశాబ్దములుగా నడచిన ఒక పద్ధతి మనకు ఆదర్శప్రాయము. అక్కడ ఊరి చెరువులోనే వెదురుతో చుట్టును కంచెయు, పిల్లలకు కాలందునట్లు అడుగున వెదురు తడికయు అమర్చి, ఊరివారికే శిక్షణనిచ్చి, నాలుగేండ్లు దాటిన పిల్లలకు ఈత నేర్పిరి. 25 మీటర్లు ఈదుటయు, 30 సెకండ్లు నీటిపై తేలియుండుటయు వారు పెట్టిన పరీక్ష. పాలరాతి కొలను అక్కరలేదనియు, వెదురు చాలుననియు దీనివలన తెలియుచున్నది. వెదురు మనకు కరవు కాదు.

నేర్చుకొనువారు పెద్దవారైనను పిల్లలైనను వరుస ఒక్కటే. మొదట నడుములోతు నీటిలో నిలిచి, ముఖము ముంచి నోటితో బుడగలు విడుచుట. గాలిని పైన పీల్చి నీటిలో విడుచుట అలవడనిదే ఈత రాదు. ఊపిరి బిగబట్టుకొని ఈదువాడు 20 మీటర్లకే రొప్పును. పిదప వెల్లకిల తేలుట. అలసినపుడు, కంగారు పుట్టినపుడు ప్రాణము నిలుపునది ఇదియే గనుక దీనికి ఎన్ని దినములైనను వెచ్చింపవచ్చును. తరువాత బోర్లగిల సాగి, పాదములతో తన్నుచు, చేతులు మార్చి మార్చి బారలు వేయుట. చివరకు కొన్ని బారలకొకసారి కన్నులెత్తి ఎదుటి గుర్తును చూచుట నేర్వవలెను. చెరువులో గీతలుండవు, గుర్తు చూడనివాడు వంకరగా పోవును. 200 మీటర్లు ఆగక ఈది, వెంటనే రెండు నిమిషములు తేలియుండగలవానినే 100 మీటర్ల పందెమునకు అనుమతింపవలెనని మా సలహా.

బాలికల విషయము వేరుగా చెప్పవలసియున్నది. మగపిల్లలు అన్నల వెంట, మేనమామల వెంట బావికి పోయి ఎట్లో నేర్చుకొందురు. ఆడపిల్లకు ఆ అవకాశము లేదు. కాని నీటికి పోవుట, బట్టలుతుకుటకు చెరువులో దిగుట ఆమెకు తప్పదు. రెండు తెలుగు రాష్ట్రములలోను పంచాయతీ స్థానములలో సగము స్త్రీలకు కేటాయింపబడియున్నవి. మహిళా సభ్యులు పూనుకొని బాలికలకు వేరు వేళ, ఈత వచ్చిన స్త్రీ శిక్షకురాలు, ఒడ్డున బట్టలు మార్చుకొనుటకు చాటు ఏర్పరచినచో తల్లిదండ్రులు పంపుటకు వెనుదీయరు.

ఒడ్డున సర్వదా ఉండవలసినవి కొన్ని కలవు. పొడవైన వెదురు గడ, గట్టి మోకు, గాలి నింపిన లారీ ట్యూబులు రెండు. మునుగుచున్నవానికి గడ అందింపవలెను. అందనిచో ట్యూబునో మోకునో విసరవలెను. శిక్షణ లేనివారు నీటిలో దూకరాదు. మునిగినవానిని తలక్రిందులుగా పట్టి త్రిప్పుట, పొట్ట నొక్కి నీరు కక్కించుట మన పల్లెలలో ఉన్న అలవాటు. ఇది హానికరము, విలువైన నిమిషములు వ్యర్థమగును. ఊపిరి ఆడనిచో వెల్లకిల పరుండబెట్టి, ముక్కు మూసి నోటిలో నోరుంచి ముందుగా ఊపిరి ఊది, పిదప రొమ్ము నడుమ 30 పర్యాయములు బలముగా నొక్కి, మరల రెండు మారులు ఊదుచు, 108 వాహనము వచ్చువరకు సాగింపవలెను. ఆరోగ్య కేంద్రపు సిబ్బందిచే ఈ పద్ధతిని కనీసము పదిమందికైనను నేర్పించిన తరువాతనే ఈత తరగతి తెరువవలెను.

సైకిలు, పరుగు

వీనికి దీర్ఘముగా చెప్పనక్కరలేదు. వేలు లక్షలు ఖరీదు చేయు సైకిళ్లు నగరములలో కానవచ్చును. మొదటి పందెమునకు ఇంట ఉన్న సైకిలు చాలును. రెండు బ్రేకులును పట్టవలెను. హ్యాండిలు చివరలు మూతపడియుండవలెను. సీటుపై కూర్చుండి మడమను క్రిందనున్న పెడలుపై ఉంచినపుడు కాలు నిటారుగా సాగినచో సీటు ఎత్తు సరిపోయినట్లే. మన ఊళ్లలో సీటు మరీ దిగువగా ఉంచి మోకాళ్లు నొప్పించుకొనుట సామాన్యము. హెల్మెటు లేనిదే సైకిలు ముట్టరాదు. పెద్ద పోటీలలో సైకిలును తాకకముందే హెల్మెటు పట్టీ బిగింపవలెనని నిబంధన. దానిని మనమును పాటించుట మంచిది.

పరుగు రానివారు నడకతో మొదలిడవలెను. ఒక నిమిషము పరుగు, రెండు నిమిషములు నడక, ఇట్లు పది పర్యాయములు. ప్రక్కవానితో మాటాడగలిగినంత వేగమే తగినది. వారమునకు ఈత రెండు దినములు, సైకిలు రెండు దినములు, పరుగు రెండు దినములు, ఒక దినము విశ్రాంతి. పొలములో నాట్లో కోతలో చేసివచ్చిన దినమున అభ్యాసము మానుట సోమరితనము కాదు. ఈత వచ్చినవారికి ఈ విధముగా 12 వారములు చాలును. ఈత రానివారికి ఎంతకాలమగునో గడువు పెట్టరాదు.

సైకిలు దిగి పరుగు మొదలిడగానే కాళ్లు కొయ్యబారినట్లు తోచును. అంతవరకు చక్రము త్రిప్పిన కండరములు వెంటనే అడుగు వేయుటకు లొంగవు. ఇది జబ్బు కాదు. వారమున కొకసారి 5 కిలోమీటర్లు త్రొక్కి, దిగి, వెంటనే అర కిలోమీటరు పరుగెత్తినచో కొలది వారములకు అలవడును. ఈత నుండి సైకిలునకు, సైకిలు నుండి పరుగునకు మారునప్పుడును గడియారము ఆగదు గనుక, తువాలు, చొక్కా, హెల్మెటు, బూట్లు వరుసగా పరచుకొనుటయు అభ్యసింపవలసిన విద్యయే.

తగిన నీరు లేని ఊరు నిరాశపడనక్కరలేదు. పరుగు, సైకిలు, మరల పరుగు గల పోటీకి డుయథ్లాను అని పేరు. ఇదియు అంతర్జాతీయముగా గుర్తింపు పొందినదే. నీరున్న ఊరికి కూడ మొదటి సంవత్సరము దీనిని జరిపి, ఆ లోపల ఈత నేర్పి, రెండవ సంవత్సరము చెరువులో దిగుటయే మా దృష్టిలో ఉత్తమ మార్గము.

పందెపు దినము

చెరువులు నిండి ఎండ తగ్గిన నవంబరు, డిసెంబరు, జనవరి నెలలు అనుకూలములు. తెల్లవారి మంచు విడిపోయిన తరువాతనే సైకిలు దారి తెరువవలెను. వరి కల్లములు రోడ్డుపై ఉన్నచో తేదీ మార్చుకొనవలెను. రైతును ధాన్యము తీయుమనుట భావ్యము కాదు. పోలీసువారికి ముందుగా తెలుపవలెను. మలుపుల వద్ద, కుక్కలు వెంటబడు చోట మనిషిని నిలుపవలెను. పోటీదారులు రెండు గంటల ముందే ఇడ్లీ వంటి తేలిక ఆహారము తినుట మేలు. మజ్జిగ, ఉప్పును పంచదారయు కలిపిన నీరు దారిలో అందింపవలెను.

ఈత దారి ఒడ్డునకు సమాంతరముగా, ఛాతీలోతు మించని చోట, మోకు కట్టి గుర్తింపవలెను. అందరిని ఒక్కసారి దింపరాదు. ఐదుగురు చొప్పున, నిమిషమున కొక జట్టుగా దింపినచో కాళ్లు తగులు బాధ తప్పును. తలకు ఎఱ్ఱనో పసుపుపచ్చనో టోపీ ఉండినచో మత్స్యకారుని కంటికి మనిషి ఎక్కడున్నదియు తెలియును. అలసినవాడు మోకు పట్టుకొనుటకు అనుమతి ఉండవలెను. పట్టుకొన్నంత మాత్రమున ఓడినట్లు ప్రకటింపరాదు, లేనిచో పట్టుదలకుపోయి మునుగును.

ప్రతివాని చేతిపై సంఖ్య వ్రాయవలెను. ఒక సభ్యుడు దిగినవారి సంఖ్యలను, మరియొక సభ్యుడు ఒడ్డు చేరినవారి సంఖ్యలను వేర్వేరు పుస్తకములలో గుర్తింపవలెను. రెండు పుస్తకముల లెక్కయు సరిపోయిన పిదపనే తెప్పలను ఒడ్డునకు పిలిచి, మోకును విప్పవలెను.